అంచు కోయని మాటలు

ఆ తలుపు అంచుకి రబ్బరు పట్టీ ఉంది, అందుకే మూసుకున్నప్పుడు చప్పుడు కాలేదు. చప్పుడైనా అయితే బాగుండేదనుకుంది ఆమె. తలుపన్నాక ధడాలున మూసుకోవాలి, గొళ్లెం పడాలి, లోపల ఉన్నది ఒకరు, బయట మిగిలింది ఒకరు అని చెవికైనా తెలియాలి, ఇదేమో ఊపిరి తీసుకున్నంత మెత్తగా దగ్గరికొచ్చి, చక్రాల మంచాన్నీ, దాని మీద ఆకుపచ్చ టోపీ పెట్టుకుని పడుకున్న చెల్లెల్నీ లోపలికి లాగేసుకుంది. పైన ఎర్రదీపం వెలిగింది. ఇంతకీ చెల్లెలు చివరగా ఏమంది? మంచం తలుపు దాకా వచ్చాక తల ఇటు తిప్పి, "నా చెప్పులు మంచం కింద ఉన్నాయి, ఎవరైనా తొడుక్కుపోతారు, చూస్తుండు" అంది. చూస్తుండు అని ఊరుకుందా, చూస్తుండు అక్కా అందా? అక్కా అనే అని ఉంటుంది, దాని నోట్లోంచి ఏ మాటా ఆ తోక లేకుండా బయటికి రాదు, కానీ సరిగ్గా అప్పుడే మంచం తోసేవాడు మలుపు తిప్పాడు, చక్రం కీచుమంది, ఆ కీచు కింద పడి మాట చివర నలిగిపోయింది. డాక్టరు నిన్ననే చెప్పాడు. "గొంతులో మాట పుట్టే చోటు మొత్తం తీసేస్తామమ్మా, జబ్బు దాన్నే పట్టుకుంది. ప్రాణానికి ఢోకా లేదు. మెడ దగ్గర చిన్న రంధ్రం పెడతాం, అక్కణ్ణుంచి గాలి పీల్చుకుంటారు. మాట మాత్రం రాదు." మాట మాత్రం, అన్నాడాయన, గొడుగు మాత్రం తెచ్చుకోలేదు అన్నంత తేలిగ్గా. ఆ చెప్పులు ఇప్పుడు సంచిలో ఆమె ఒళ్లో ఉన్నాయి. సంచి మీద ట్యాబ్ ఉంది. ట్యాబ్‌లో ఎర్రగీత ఉంది.

ఎర్రగీత వచ్చిందంటే ప్రోగ్రాం కుదరలేదని. చెల్లెలు కళ్లు తెరిచేలోగా ఇది కుదరాలి. తెర నిండా గడులు, గడికో మాట, మాట మీద వేలు పెడితే చెల్లెలి గొంతు పలకాలి, అంతే, అదేమంత పెద్ద విద్య కాదు. ఇలాంటివి తయారుగానే దొరుకుతాయని వార్డులో ఎవరో అన్నారు కూడా, కానీ వాటిలో మాట్లాడేది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, ఆ మనిషి వచ్చి చెల్లెలి ఆకలి చెప్పడమేమిటి, చెల్లెలి నొప్పి చెప్పడమేమిటి. అందుకని తానే రాస్తోంది. ఇంట్లో కంప్యూటరు లేదు, ఎప్పుడూ లేదు, ఉన్నదల్లా ఈ ట్యాబే, దీనిలోనే రాయాలి, రాసినదాన్ని కంపైల్ చేసి నడిచే రూపానికి తెమ్మని దీనికే చెప్పాలి, అది పెట్టే పేచీలు దీనిలోనే తీర్చాలి. అద్దం మీద అక్షరాల పలక పైకి లేస్తే సగం తెర దాని కిందకి పోతుంది, మిగిలిన సందులోంచి నాలుగు వరుసలు కనబడతాయి, కిటికీ రెక్క కొంచెం తెరిచి వీధి మొత్తాన్ని చూడాలనుకున్నట్టు. బ్రాకెట్లు పలక రెండో పేజీలో దాక్కుంటాయి. వేలు కొంచెం వణికిందా, పక్క అక్షరం పడుతుంది. ఇరవయ్యో వరుసలో తప్పు ఉందంటుంది, ఇరవయ్యో వరుస చూస్తే కడిగిన ముత్యంలా ఉంటుంది. తల ప్రాణం తోకకొస్తుంది. అయినా ఆ పేచీ ఆమెకి ఇష్టం. మనుషులు తప్పు జరిగిందని చెప్పకుండానే లేచి వెళ్లిపోతారు, ఇది వెళ్లిపోదు, ఎర్రగీత గీసి అక్కడే కూచుంటుంది.

దిద్దితే ఊరుకుంటుంది. అదే ఆమెకి మొదట నచ్చింది, ప్రోగ్రాములు నేర్పే పుస్తకం ఒకటి ఇంటికి తెచ్చుకుని చదివినప్పుడు. చిన్నప్పటి నుంచీ బైండింగు షాపులోనే ఆమె పని, ప్రెస్సు నుంచి అచ్చయిన పెద్ద కాగితాలు వచ్చేవి, ఒక్కో కాగితం పదహారు పేజీల ఫారం, మొదటి పేజీ పక్కన పదహారో పేజీ, రెండో పేజీ తలకిందులుగా ఎక్కడో, మడత పెట్టుకుంటూ పోతే అన్నీ వరసలోకి వచ్చేవి. బడికి పోని పిల్ల చదువు నేర్చుకున్నది ఆ కాగితాల మీదే, ముందు అంకెలు, తర్వాత అంకె పైన ఉన్న వాక్యం, ఆ వాక్యం తెగిపోయిన చోట మిగతా సగం ఏ మడతలో ఉందో వెతుక్కోవడం. అందుకే ఇప్పటికీ ఆమె తలలో ఏదీ వరసగా ఉండదు, పెళ్లి పక్కనే చావు, చావు పక్కనే చిన్నప్పటి వాన. ఆ ప్రోగ్రాముల పుస్తకం కుట్టేటప్పుడు ఒక ప్రతికి మొదటి ఫారం పడలేదు, షాపులో దాన్ని పక్కన పడేశారు, ఆమె తెచ్చుకుంది. అంటే ఆమె చదువు పదిహేడో పేజీ దగ్గర మొదలైంది. ప్రోగ్రాం అంటే ఏమిటి, ఎందుకు రాయాలి అన్నదేదో ఆ పదహారు పేజీల్లో ఉండి ఉంటుంది, అది ఆమెకి ఇవాళ్టికీ తెలియదు. "మంచిదే కదే అక్కా, ఎందుకో తెలిస్తే నువ్వు చేసేదానివే కాదు" అని పగలబడి నవ్వింది చెల్లెలు. ఆ నవ్వుకి ఎదురింటి కుక్క మొరిగింది.

దాని గొంతు అలాంటిది. సిటీ బస్సు కండక్టరు, డిపోలో అందరూ మైకు అనేవారు, అసలు పేరు జీతం ఇచ్చేవాడికి ఒక్కడికే తెలుసు. బస్సు ఎంత కిక్కిరిసినా వెనక తలుపు దగ్గర నిలబడి "ముందుకు జరగండి, ముందు బోలెడు చోటుంది, అక్కడేమన్నా పులి కూచుందా" అంటే ముందున్నవాళ్లు నిజంగానే పులి లేదని చూసుకుని జరిగేవారు. బస్సు తమ వీధి చివర మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి తల బయటికి పెట్టి "అక్కా" అని ఒక్క కేక వేసేది, పని ఏమీ ఉండదు, ఊరికే, బైండింగు షాపులో కుట్టుకుంటున్న ఆమె తల ఎత్తేది, బస్సు వెళ్లిపోయి ఉండేది, దుమ్ము మాత్రం కనబడేది. "మీ మైకు వెళ్లిందమ్మా, ఇప్పుడు టైము సరిచేసుకోవచ్చు" అనేవాడు షాపు మేస్త్రి. ఆ గొంతు మొదట బొంగురుపోయింది. బస్సు పొగ అన్నారు, తర్వాత జలుబన్నారు, ఎన్నో మందులయ్యాక చిన్న అద్దం లోపలికి పెట్టి చూసిన డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్లి ఎంతకీ రాలేదు. అంతసేపు చేతులు కడుక్కున్నప్పుడే ఆమెకి సంగతి తెలిసిపోయింది. ఈ ట్యాబ్ కూడా చెల్లెలిదే, ఉద్యోగం అయిపోయిన రోజున డిపోవాళ్లు చేతిలో పెట్టారు, అది ఇంటికొచ్చి "నాకెందుకే ఇది, మొహం చూసుకుందామన్నా అద్దంలా పనికిరాదు, నువ్వు పుస్తకాలు చదువుకో, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చట" అని ఆమె ఒళ్లో పడేసింది.

నిన్న మధ్యాహ్నం వార్డులో మాటలు పట్టుకున్నారు. చెల్లెలు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూచుంది, ఆమె ట్యాబ్‌ని దాని గడ్డం కింద పెట్టింది. నీళ్లు అనవే. నీళ్లు అంది. ఆకలి. ఆకలి. నొప్పి అనవే. "లేని నొప్పిని ఎలా అనమంటావే? నాటకమా?" అని దెబ్బలాడి, తర్వాత అంది. దిండు, దురద, కిటికీ, నర్సమ్మా, వద్దు, చాలు. జరగండి కూడా పెట్టించింది, "వార్డులో చూడ్డానికొచ్చిన జనం మంచానికి అడ్డంగా నిలబడితే పనికొస్తుంది" అని, పక్క మంచం ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది, కుట్లు పిగులుతాయని భయపడుతూ నవ్వింది. ఒక్కో మాటా అయ్యాక ఆపే గుర్తు వెతుక్కోవడం ఆమెకి ఆలస్యమయ్యేది, కళ్లజోడు జారేది, ఈలోగా చెల్లెలు నోరు మూసుకోదు కదా, ఏదో ఒకటి అంటూనే ఉండేది, అదీ రికార్డయ్యేది. అన్నీ అయ్యాక చెల్లెలు కాసేపు ఊరుకుని, అంతేనా, ఇంకేం లేదా అంది. అంతేనే, ఇంకేముంది, అంది ఆమె, ట్యాబ్ సంచిలో పెట్టుకుంటూ. సాయంత్రం కూచుని ఆ తోకలన్నీ తీసేసింది. ఆమె చేతికి అలవాటైన పని అది, పుస్తకం కుట్టాక మూడు వైపులా అంచు కోయాలి, కోయకపోతే అది పుస్తకం కాదు, గడ్డం గీసుకోని మొహంలా ఉంటుంది. నీళ్లు అన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెవి పెట్టి విని, అక్కడ మొదలుపెట్టు, ఇక్కడ ఆపు అని ప్రోగ్రాంలో రాసుకుంది. నర్సు వినాల్సిన మాటలు కదా, శుభ్రంగా ఉండాలి.

"ఏం ఆటండీ పెద్దమ్మా, అంత పట్టుదలగా ఆడేస్తున్నారు?" పక్క కుర్చీలో హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్నతను అడిగాడు. అతని భార్య కూడా లోపలే ఉంది, వేరే గదిలో. గోడకున్న ఒక్క ప్లగ్గులో అతని ఫోను వేలాడుతోంది.

"ఆట కాదు బాబూ, రాస్తున్నాను."

"ఉత్తరమా?"

"ఉత్తరంలాంటిదే. ఈ యంత్రానికి రాస్తే ఇది తప్పులు పట్టి వెనక్కి పంపిస్తుంది."

"అచ్చం మా ఆవిడే," అన్నాడతను, నవ్వబోయాడు, నవ్వు సగంలో ఎర్రదీపం వైపు చూసి హెల్మెట్‌ని ఇటు నుంచి అటు తిప్పాడు. కాసేపటికి ఫోను పీకేసి, "మీది పెట్టుకోండి, మీదే అర్జెంటులా ఉంది, నాకెవరు చేస్తారులే ఫోను, చేసే మనిషి లోపలుంది" అన్నాడు. వైరు పొట్టిది, ఆమె కుర్చీ మారి గోడ పక్కన ముడుచుకుని కూచోవలసి వచ్చింది. అక్షరాలు పెద్దవి చేసింది, ఇంకా పెద్దవి చేసింది, బొటనవేలంత అయ్యాయి. అప్పుడు కనబడింది. మాటకి అటూ ఇటూ పెట్టే కోట్ గుర్తులు నిటారుగా ఉండాలి, ట్యాబ్‌లోని అక్షరాల పలక తన తెలివికొద్దీ వాటిని అందంగా వంచింది, ఒకటి అటు వంగి, ఒకటి ఇటు వంగి, మర్యాదగా తల వంచుకున్న పెళ్లివారిలా. మనిషి చదువుకోవడానికి అయితే వంగిందే అందం. యంత్రానికి మాత్రం నిటారుదే కావాలి. అన్నీ ఒక్కొక్కటే చెరిపి, నిటారుగా మార్చింది. నొక్కింది. ఎర్రగీత రాలేదు. సన్నటి పట్టీ ఒకటి ఎడమ నుంచి కుడికి నడవడం మొదలుపెట్టింది.

ఈ పట్టీ నడుస్తున్నంతసేపూ తెర ఆరిపోకూడదు. ఆరిపోయిందంటే ట్యాబ్ నిద్రపోతుంది, నిద్రపోతూ చేతిలోని పని వదిలేస్తుంది, మళ్లీ మొదటి నుంచి. అందుకని తెర మీద ఖాళీ చోటు చూసుకుని వేలితో తట్టుతూ ఉండాలి. నిద్రపోవద్దని తట్టడం. పిల్లల్ని నిద్రపొమ్మని తట్టుతారు, ఆమెకి పిల్లలు లేరు, చెల్లెల్నే తట్టింది, అమ్మ పనికి పోతే చాప మీద పక్కన పడుకోబెట్టుకుని, అది నిద్రపోయిందనుకుని చెయ్యి తీస్తే కళ్లు మూసుకునే "అక్కా" అనేది, అప్పటికి దానికొచ్చిన మాట అదొక్కటే, అమ్మ అనే మాట తర్వాత వచ్చింది, అమ్మ ఎన్నాళ్లు ఉడుక్కుందో దానికి. ట్యాబ్ వెనక వేడెక్కింది, చీరలోంచి తొడకి తగులుతోంది, జ్వరం పిల్లని ఒళ్లో పెట్టుకున్నట్టు. అమ్మ తనని పెద్దపిల్లా అనేది. అమ్మ పోయాక ఆ పిలుపు ఇంకెవరూ పిలవలేదు. నాన్న చిట్టెలుకా అనేవాడు, కాగితాలు కొరుకుతుందని, ఆ పిలుపు ఆయనతోనే పోయింది. ఆయన, అంటే భర్త, ఇదిగో అనేవాడు, పేరు పెట్టి ఎన్నడూ పిలిచిన మనిషి కాదు, ఇదిగో నా చొక్కా, ఇదిగో తలుపేసుకో, లారీ ఎక్కి వెళుతూ ఇదిగో వచ్చేస్తా అన్నాడు. రాలేదు, కబురొచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు వీధిలో ఎవరు ఎవర్ని ఇదిగో అన్నా ఆమె తిరిగి చూసేది. షాపులో కుట్లమ్మా అనేవారు, షాపు మూతపడింది. పోయేవాళ్లు ఊరికే పోరు, ఒక్కొక్కరూ ఆమెని పిలిచే పిలుపొకటి చంకన పెట్టుకుపోతారు. ఇప్పుడు వీధిలో అందరికీ ఆమె పెద్దమ్మ, బామ్మగారు, అవి ఆమెవి కావు, నెరిసిన జుట్టువి, ఎవరి జుట్టు నెరిసినా వాళ్లకి అవే పిలుపులు.

పట్టీ చివరికి వెళ్లింది. కుదిరింది. తెర మీద గడులన్నీ వచ్చి నిలబడ్డాయి, బడి పిల్లల్లా వరసగా. ఆమెకి ఒళ్లు పులకరించింది, పక్కతనికి చూపిద్దామనుకుంది, అతను కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు, ఊరుకుంది. ట్యాబ్‌ని చెవికి ఆనించుకుని నీళ్లు గడి నొక్కింది. నీళ్లు. చెల్లెలి గొంతే, కొంచెం బొంగురుగా, అయినా అదే. ఆకలి. దిండు. కిటికీ. ఒక్కో మాటా అంచు కోసిన పుస్తకంలా, ఎక్కడా పోగు లేదు, నూగు లేదు. వద్దు. చాలు. నర్సమ్మా. మళ్లీ మొదటి నుంచి విన్నది. ఎంత శుభ్రంగా ఉన్నాయో. ఎంత శుభ్రంగా ఉన్నాయంటే ఇవి ఎవరితోనైనా అనవచ్చు, ఎవరైనా అనవచ్చు, బస్సులో టిక్కెట్టు అడిగినట్టు ఉన్నాయి. ఏదో లేదు. ఏది లేదు? వరసగా చూసింది, అనుకున్నవన్నీ ఉన్నాయి, అన్నీ తాను అడిగి అనిపించినవే. తాను అడగనిదొకటి ఉంది. అక్కా అనవే అని అడగలేదు. తానెక్కడికి పోతుంది, మంచం పక్కనే ఉంటుంది కదా, పక్కనున్న మనిషిని పిలవాల్సిన పనేముంది అనుకుంది. పిలవాల్సిన పనేముంది. తలుపు దగ్గర చక్రం కీచుమన్నప్పుడు పోయిందే, అదే ఆఖరుది, ఇంక ఆ మాట ఈ భూమ్మీద ఆ గొంతుతో ఎక్కడా లేదు.

ఎలా లేచిందో తెలియదు, ట్యాబ్ వైరు గుంజుకుని ప్లగ్గులోంచి ఊడింది, సంచిలోంచి ఒక చెప్పు కింద పడింది. తలుపు మీద కొట్టింది. రబ్బరు పట్టీ తలుపు, కొట్టినా చప్పుడు కాదు. అరచేత్తో బాదింది. ముసుగు కట్టుకున్న నర్సు ఒకామె తల బయటికి పెట్టింది.

"ఏంటి పెద్దమ్మా, లోపల కేసు జరుగుతోంది."

"ఒక్క నిమిషం అమ్మా. ఒక్క మాట. దాంతో ఒకే ఒక్క మాట అనిపించుకుని వెళ్లిపోతాను, ఇదిగో, ఇది దాని నోటి దగ్గర పెడితే చాలు, నువ్వే పెట్టు, నేను లోపలికి కూడా రాను."

"మత్తిచ్చేసి చాలాసేపైంది," నర్సు గొంతు మెత్తబడింది. "ఇప్పుడేం మాట్లాడతారు? మొదలుపెట్టేశారు పెద్దమ్మా. వెళ్లి కూచోండి."

మొదలుపెట్టేశారు. ఆ మాటతో ఆమె అక్కడే గోడకి చేరగిలబడింది. హెల్మెట్ అతను వచ్చి చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా నడిపించాడు, చెప్పు ఏరి సంచిలో పెట్టాడు, ట్యాబ్‌ని మళ్లీ ప్లగ్గుకి తగిలించాడు, ఏమైందని అడగలేదు, ఆ నడవాలో ఎవరూ ఎవర్నీ ఏమైందని అడగరు. లోపల కత్తి ఏ అంచు వెంట పోతోందో. షాపులో అంచు కోసే మిషను ఉండేది, పుస్తకాల దొంతర కింద పెట్టి పిడి నొక్కితే కసుక్కున దిగేది, ఎంత మంచి పుస్తకానికైనా ఒకటే కసుక్కు, సన్నటి కాగితపు పీలికలు కింద రాలేవి, సాయంత్రానికి గోనెసంచుల్లో కుక్కి పంపేసేవారు. ఒకసారి ఆమె గీత తప్పు పెట్టి ఒక దొంతరకి పక్కనున్న అక్షరాలు కూడా కోసేసింది, ప్రతి వాక్యం చివరి మాటా పోయింది, పీలికలు ఏరి అతికిద్దామని గోనెసంచి ముందు మోకాళ్ల మీద కూచుంది, మేస్త్రి వచ్చి లేపాడు, "కోసింది కోసిందే కుట్లమ్మా, లే" అన్నాడు. కోసింది కోసిందే. చెల్లెలి మాటల చివరలు కూడా తానే కోసింది, నిన్న సాయంత్రం, చెవి పెట్టి విని మరీ. ఆ చివరల్లో ఏముందో కూడా సరిగ్గా వినలేదు, మాట ఎక్కడ ఆగిందా అనే చూసింది, మిగతాది పీలిక కదా, పీలిక మీద ఏం రాసుందో ఎవరు చదువుతారు. నీళ్లు అన్నాక ఏదో అంది. నొప్పి అన్నాక ఏదో అంది. గోనెసంచి ఎక్కడ ఉందిప్పుడు?

ఆమె వేలు తెర మీద ఆగింది. గోనెసంచి ఎక్కడ ఉంది, నిజంగా, ఎక్కడ ఉంది? మిషను లేదు, పిడి లేదు, కింద రాలిన పీలికలూ లేవు. తాను చేసిందల్లా ఇక్కడ మొదలుపెట్టు, అక్కడ ఆపు అని రాయడమే కదా. ఆపు అన్నది ప్రోగ్రాంలో ఒక్క వరుస. ఆపమంటే ఆగుతోంది, అంతే. కోసింది ఆమె తలలో, బైండింగు షాపులో పండిన చేతిలో. రికార్డులు పెట్టిన చోటు తెరవడానికి భయం వేసింది, తెరిచాక లేకపోతే? తెరిచింది. నిన్నటివి నిన్నటిలాగే పడి ఉన్నాయి, మడత పెట్టని కాగితాల్లా, పొడుగ్గా, మాటకన్నా ఎంతో పొడుగ్గా. ట్యాబ్‌ని చెవికి గట్టిగా అదుముకుంది.

"నీళ్లు... వచ్చిందా అక్కా? ఇంకా ఎన్నున్నాయే, ఇప్పటికే గొంతెండిపోతోంది."

ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపొస్తే పక్కవాళ్లు తమవాళ్లకేదో అయిందని హడలిపోతారు. తర్వాతది నొక్కింది. "దిండు... ఆ దిండు నీకిచ్చేస్తాలే అక్కా, రాత్రి కుర్చీలో నీ మెడ పట్టేసి ఉంటుంది." తర్వాతది. "కిటికీ... అటు చూడు అక్కా, మన రూటు బస్సు, ఎంత నెమ్మదిగా పోతున్నాడో సన్నాసి." అన్నిట్లోనూ ఉంది. తానే అడగలేదు గానీ అది అంటూనే ఉంది, అలవాటు కొద్దీ, తోకలా, మాట అయిపోయాక మాట నీడలా. ఇంక వినలేదు, వింటూ కూచుంటే ఇక్కడే పొద్దుపోతుంది. ప్రోగ్రాం తెరిచి ఆపు అన్న వరుస దగ్గరికి వెళ్లింది. ఒక్కో అక్షరమే చూసుకుంటూ చెరపాలి, ఎక్కువ చెరిపితే మొత్తం కూలుతుంది, తక్కువ చెరిపితే ఎర్రగీత. చెరిపింది. నొక్కింది. పట్టీ నడిచింది. తట్టుతూ కూచుంది, పడుకోకు, కొంచెంసేపు, పడుకోకు, ట్యాబ్‌తో అంటోందో తలుపుతో అంటోందో ఆమెకే తెలియలేదు. పెద్దపిల్లా. చిట్టెలుకా. ఇదిగో. అప్పుడు ఇలాంటి యంత్రం లేదు, ఉన్నా ఆపు అనే రాసేదేమో, శుభ్రంగా ఉండాలని. పట్టీ చివరికి చేరేసరికి తలుపు మెత్తగా తెరుచుకుంది, డాక్టరు టోపీ తీస్తూ వచ్చాడు. "అంతా బాగా జరిగిందమ్మా. మొత్తం తీసేశాం." రెండు మాటలూ ఒకే గొంతుతో అన్నాడు.

లోపల గదిలో మంచాల మధ్య తెరలు కట్టి ఉన్నాయి, కిటికీ నుంచి మధ్యాహ్నపు ఎండ చెల్లెలి పాదాల మీద పడుతోంది. మెడకి కట్టు, కట్టు మధ్య గొట్టం, గొట్టంలోంచి గాలి పోతూ వస్తూ ఉంది. మొహం చిన్నదైపోయింది. కళ్లు తెరిచింది, చూసింది, పెదవులు కదిలాయి. గాలి గొట్టంలోంచి పోయింది, పెదవుల దాకా రాలేదు. ఆ పెదవులు ఏమన్నాయో ఆమెకి తెలుసు, దాన్ని చూడలేక గబగబా "చెప్పులు నా దగ్గరే ఉన్నాయే, భద్రంగా ఉన్నాయి" అంది. ట్యాబ్‌ని దుప్పటి మీద నిలబెట్టి పట్టుకుంది. చెల్లెలి వేలు లేచింది, గడుల మీద గాలిలో కాసేపు తిరిగింది, నీళ్లు మీద దిగింది.

"నీళ్లు," అంది ట్యాబ్. "వచ్చిందా అక్కా? ఇంకా ఎన్నున్నాయే, ఇప్పటికే గొంతెండిపోతోంది."

పక్క మంచం దగ్గరున్న నర్సు తిరిగి చూసి, "ఇప్పుడే నీళ్లు ఇవ్వకూడదు పెద్దమ్మా, దూదితో పెదవులు తడపండి" అని, ఆగి, ఎవరు మాట్లాడారా అని మళ్లీ చూసింది. చెల్లెలి కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి మెడ వైపు వెళ్లింది, కట్టు తగిలి ఆగిపోయింది. తర్వాత ఏడ్చింది. ఏడుపుకి కూడా గొంతు కావాలని ఆమెకి అప్పటిదాకా తెలియదు. మొహమంతా ఏడుస్తోంది, భుజాలు ఏడుస్తున్నాయి, గొట్టంలో గాలి బుసబుసలాడుతోంది, చప్పుడు మాత్రం లేదు, బస్సు అద్దం అవతల ఏడ్చే మనిషిలా. తప్పు చేశానా అనుకుంది ఆమె, దీనికి చూపించకుండా ఉండాల్సిందా, నా పిలుపు కోసం దీన్ని గాయపరిచానా, శుభ్రంగా కోసిన మాటలే నయమా. దూది తడిపి పెదవులు తుడిచింది, కళ్లు తుడిచింది, అదే దూదితో తన కళ్లూ తుడుచుకుంది. తెర మసకబారింది. ఆరిపోతుంది. అలవాటుగా వేలు ముందుకి పోయింది, అప్పటికే చెల్లెలి వేలు అక్కడ ఉంది, చాలు గడి మీద.

"చాలు," అంది ట్యాబ్. తర్వాత కాసేపు ఏమీ లేదు, నిన్నటి వార్డులోని ఫ్యాను చప్పుడు, ఎక్కడో బకెట్టు పెట్టిన చప్పుడు. ఆమె ఇది వినలేదు, నడవాలో వింటున్నప్పుడు ఇక్కడిదాకా రాలేదు. "అంతేనా అక్కా? ఇంకేం లేదా?"

అంతేనే, ఇంకేముంది, అన్న నిన్నటి జవాబు అందులో లేదు, ఆ మాట తాను ఆపే గుర్తు నొక్కేశాక అంది. చెల్లెలు ఆమెనే చూస్తోంది, మళ్లీ నొక్కింది. "అంతేనా అక్కా? ఇంకేం లేదా?"

"ఉందే," అంది ఆమె. "ఎందుకు లేదు. ఉంది."

చెల్లెలు మళ్లీ నొక్కింది.